సరిచూసినవారు

నేను చాలామంది మీద ఏడ్చాను. స్కూల్లో ఫస్టు వచ్చినవాడి మీద, కొత్త స్కూటరు కొన్న మా పిన్ని కొడుకు మీద, గొంతెత్తి పద్యం పాడగలిగిన ప్రతివాడి మీదా. అవన్నీ వచ్చిపోయిన ఏడుపులు. ఒక్క మనిషి మీద మాత్రం ఏళ్ళ తరబడి, శ్రద్ధగా, పొద్దున్నే లేచి చేసే పనిలా ఏడ్చాను. ఆమె ఇప్పటికీ ఎక్కడైనా కనబడితే ‘బాగున్నారా అండీ’ అని నవ్వుతూ పలకరిస్తుంది. ఆ నవ్వులో ఏ కల్మషమూ ఉండదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. గుంటూరు దగ్గరి యూనివర్సిటీలో తెలుగులో పరిశోధన చేస్తున్నాను. మాది బ్రాడీపేట. మా తాతగారు అలంకారశాస్త్రం క్షుణ్ణంగా చదువుకున్న మనిషి. నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికే శాస్త్ర శ్లోకాలన్నీ నాచేత వల్లె వేయించారు. ఏ పద్యం ఇచ్చినా ఇది ఉపమ, ఇది ఉత్ప్రేక్ష, ఇది అతిశయోక్తి అని చిటికెలో చెప్పేవాణ్ణి. పద్యాన్ని ముందు పెట్టుకుని అందులో ఉన్నవాటికి పేర్లు పెట్టడమే విమర్శ అనుకునేవాణ్ణి. పేర్లు పెట్టడంలో డిపార్టుమెంటులో నన్ను మించినవాడు లేడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఇతరులకు కూడా తెలిసేలా చూసుకునేవాణ్ణి.

మా గైడు ఎవర్నీ నోటితో మెచ్చుకునేవారు కాదు. మేమంతా ఆయన్ని మాస్టారనే పిలిచేవాళ్ళం. చెప్పేది నచ్చితే ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని వినేవారు. నచ్చకపోతే జోడు ముక్కు మీదే ఉండేది. శనివారం సెమినార్లో పేపరు చదివే ప్రతివాడూ ఒక కన్ను కాగితం మీద, ఇంకో కన్ను ఆ జోడు మీద పెట్టుకుని చదివేవాడు. మూడేళ్ళలో నేను పదకొండు పేపర్లు చదివాను. ఒకసారి ఆయన చెయ్యి జోడు మీదికి పోయింది. అద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

ఆమె నాకంటే మూడేళ్ళ తర్వాత చేరింది. అద్దంకి దగ్గర ఒక పల్లె. తండ్రి లేడు. తల్లి మిరపకాయ కోతలకూ పత్తి తీతలకూ వెళ్ళే కూలి మనిషి. సెలవులకి వెళ్తే తనూ కోతకి వెళ్ళేది. పండగ సెలవుల తర్వాత తిరిగొచ్చినప్పుడు చేతుల కారం పోక, నాలుగు రోజులపాటు కన్ను నలుపుకోవాలన్నా మోచేత్తోనే నలుపుకునేది. ఆమె పల్లెలో క్రైస్తవ స్త్రీలు వారం వారం ఒక ఇంట్లో కూడుకుంటారు. ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థనల్లో చెప్పే తీరు ఎలా ఉంటుంది అన్నది ఆమె పరిశోధన. ప్రార్థన సాహిత్యం ఎలా అవుతుందని క్యాంటీన్లో నలుగురి దగ్గరా అన్నాను. ఆమె దగ్గర అనలేదు.

ఆమె మొదటి సెమినార్ రోజు రెండు ప్రార్థనలు రాసి, జిరాక్సు తీయించి అందరికీ పంచింది. టేపు విని కాగితం మీద పెట్టినవి. మొదటిది ఇలా ఉంది: “ప్రభువా, కాయ బాగా ఉన్న సాలు చూసుకుని ముందే దిగేవాళ్ళకి కూడా నువ్వే బలం ఇయ్యాలయ్యా. వెనకొచ్చినోళ్ళకి ఎట్టాగూ నువ్వున్నావు.” రెండోది వేరే ఆమె చేసినది: “తండ్రీ, చంటిపిల్లకి పాలిచ్చి వచ్చేతలికి పొద్దెక్కిద్ది. చూసి నవ్వేవాళ్ళని క్షమించయ్యా. వాళ్ళకీ పిల్లలున్నారు.”

చర్చ మొదలుపెట్టే హక్కు సీనియర్‌గా నాది. లేచి పది నిమిషాలు మాట్లాడాను. మొదటి ప్రార్థనలో సాలు జీవితమార్గానికి ప్రతీక అన్నాను. కాయ కర్మఫలం అన్నాను. వెనకబడినవాళ్ళకి దేవుడే దిక్కు అనడంలో దైన్యభావం ఎంత గొప్పగా పోషించబడిందో చూడండి అన్నాను. ఆమె అంతా శ్రద్ధగా విని, నోట్సు కూడా రాసుకుని, చివర అంది:

“సాలంటే చేలో సాలే అండీ. మూడో సాలు. ఈ రెండు ప్రార్థనలూ చేసినవాళ్ళు తోడికోడళ్ళు. వారం నుంచీ మాటల్లేవు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక తప్పుతుందా. ఆమె నవ్వలేదు. మెల్లగా వివరించింది. చేలో పోట్లాడుకుంటే మేస్త్రి అరుస్తాడు. ఇంటి దగ్గర పోట్లాడుకుంటే మగాళ్ళు కల్పించుకుంటారు. ప్రార్థన చేసే మనిషిని మాత్రం మధ్యలో ఎవరూ ఆపరు. ఆపితే పాపం. అందుకని చెప్పాల్సిందంతా అక్కడ చెప్పుకుంటారు. అవతలి మనిషి తన వంతు వచ్చేదాకా తలొంచుకుని వినాలి, తర్వాత తనూ ప్రార్థనలోనే జవాబు చెప్పాలి. చివర అందరూ ఆమెన్ అంటారు. ఎవరిని ఉద్దేశించి చెప్పారో ఆ మనిషి ఆమెన్ అంటే తగువు తీరినట్టు. అనకపోతే వచ్చేవారం మళ్ళీ ఉంటుంది.

ఆమె ప్రతి ప్రార్థనకీ నాలుగు గళ్ళ పట్టిక గీసింది. ఎవరు చెప్పారు, ఎవరి పేరున చెప్పారు, ఎవరు వినాలని చెప్పారు, విన్న మనిషి ఆమెన్ అన్నదా లేదా. “నేను ఏ ప్రార్థనకైనా ఒక్క ప్రశ్నే వేసుకుంటానండీ. ఎవరు వినాలని?” అంది.

మాస్టారి జోడు బల్ల మీద ఉంది. ఎప్పుడు తీశారో నేను చూడలేదు.

ఆ సాయంత్రం బస్సులో నిలబడి గుంటూరు దాకా వచ్చాను, సీటు ఉన్నా కూర్చోలేదు. మూడేళ్ళు, పదకొండు పేపర్లు. ఈమె వచ్చి మూడు నెలలు కాలేదు. పైగా ఆ ప్రశ్న నాకు తెలియనిదా? అర్థం ఎలా ధ్వనిస్తుందో చెప్పేటప్పుడు మన శాస్త్రం మొదట చూడమనేది అదే: మాట్లాడే వక్త ఎవరు, ఎవరికి తెలియజేస్తున్నాడో ఆ బోద్ధవ్యుడు ఎవరు. పన్నెండేళ్ళ వయసులో తాతగారి ముందు కూర్చుని ఆ శ్లోకం గడగడా అప్పజెప్పినవాణ్ణి. అప్పజెప్పాను గానీ ఒక్కనాడూ ఏ పద్యాన్నీ ఆ మాట అడగలేదు. ఏ శ్లోకమూ రాని మనిషి అడిగింది.

అప్పట్నుంచి ఆమె చేసే ప్రతిదానికీ నేను కళ్ళలో నిప్పులు పోసుకోవడమే. మాస్టారు ఆమెను టీ తాగావా అమ్మా అని అడిగితే, నన్ను ఎప్పుడు అడిగారో లెక్క చూసుకునేవాణ్ణి. లైబ్రరీలో ఆమె కూర్చునే కుర్చీ ముందే వెళ్ళి ఆక్రమించేవాణ్ణి. ఆమె ఇంకో కుర్చీలో కూర్చుని అంతే హాయిగా చదువుకునేది.

ఏటా జరిగే పెద్ద సదస్సుకు బయటి నుంచి ప్రొఫెసర్లు వచ్చేవారు. అందులో మా డిపార్టుమెంటు తరఫున ఒక్క పరిశోధక విద్యార్థి పేపరు చదవాలి. ఆ ఏడు మాస్టారు నన్ను చదవమన్నారు. రెండు రోజులు మేఘాల్లో తేలాను. మూడోరోజు తెలిసింది, ముందు ఆమెను అడిగారట. “టేపులు వినడం అవ్వలేదండీ, వచ్చే ఏడు చూద్దాం” అందిట. ఆమె వద్దన్నది నాకు దక్కింది.

ఆ కసిలో కూర్చుని పేపరు రాశాను. పాత కావ్యాల్లో పక్కింటామెతో మాట్లాడుతున్నట్టు ప్రియుడికి కబురందించే నాయికల పద్యాలు ఏరుకున్నాను. ప్రతి పద్యం దగ్గరా ఒక్కటే అడిగాను: ఎవరు వినాలని? అడిగినకొద్దీ పద్యాలు విచ్చుకున్నాయి. పదిహేనేళ్ళుగా కంఠతా వచ్చిన పద్యంలో తలుపు వెనక ఒక మూడో మనిషి నిలబడి ఉన్నాడని మొదటిసారి తెలిసింది. రాస్తున్నంతసేపూ ఒళ్ళు పులకరించింది. అబద్ధం ఎందుకు, నా జీవితంలో నేను చేసిన నిజమైన విమర్శ అదొక్కటే.

అందులో ఆమె పేరు లేదు. బోద్ధవ్యుడని శాస్త్రంలోనే ఉంది కదా, ఎవరి పేరో ఎందుకు పెట్టాలి అనుకున్నాను. శ్లోకం ఉదాహరించి, ఇది మనవాళ్ళు ఎప్పుడో చెప్పిన మాటే అని మొదలుపెట్టాను.

సదస్సులో నలభై నిమిషాలు చదివాను. అయిదో నిమిషంలో మాస్టారు జోడు తీశారు. తీసి బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకున్నారు. రెండో పద్యం అయింది. మూడో పద్యం దగ్గర ‘ఎవరు వినాలని’ అని మళ్ళీ అనగానే ఆయన కళ్ళు తెరిచి, తడుముకుని, జోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత తియ్యలేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. బయటి ప్రొఫెసరు ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నాకు ఆ జోడు తప్ప ఏమీ కనపడలేదు.

బయట వరండాలో మాస్టారు నన్ను ఆపారు.

“ఆ ప్రశ్న ఎక్కడ దొరికిందిరా?”

“శాస్త్రంలోనే ఉంది కదండీ.”

“ఉంది. నీకు ఎప్పుడు కనపడిందని అడుగుతున్నా.”

అంతలో ఆమే అక్కడికి వచ్చింది. “చాలా బాగుందండీ. మూడో పద్యంలో అత్తగారు కూడా వింటోంది కదా, అది కూడా చెప్పాల్సింది” అంది. అది నిజం. అత్తగారి సంగతి నాకు తట్టనే లేదు. ఆమె తిట్టినా ఇంతకంటే తక్కువ మండేది.

మాస్టారికి ఒక నియమం ఉండేది. పల్లెలకి వెళ్ళి టేపు చేసి తెచ్చినదేదైనా ఇంకో విద్యార్థి ఆ ఊరు వెళ్ళి, ఆ మనుషుల మధ్య కూర్చుని విని, కాగితంతో పోల్చి చూడాలి. ప్రతి పుట కింద ‘సరిచూసినవారు’ అన్నచోట సంతకం చెయ్యాలి. సదస్సు అయిన వారానికి ఆయన నన్ను పిలిచి ఆమె కాగితాల కట్ట నా చేతిలో పెట్టారు.

“నువ్వెళ్ళి సరిచూడు. నీకు చెవులు బాగా పనిచేస్తున్నాయి కదా.”

ఆదివారం పొద్దున్నే చిలకలూరిపేట మీదుగా అద్దంకి, అక్కణ్ణుంచి ఆటో. రెండో కోత నడుస్తోంది. రోడ్డుకి రెండు వైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆటో దిగేసరికి తుమ్ములతో నా ముక్కు, కళ్ళు ఏకమయ్యాయి. ఆమె ఎదురొచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. రెండు గదుల ఇల్లు. వాళ్ళమ్మ మంచం మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, “మొఖం కడుక్కో బాబూ, చేత్తో మాత్రం రుద్దొద్దు” అంది. సన్నగా, నల్లగా, మాటకి ముందు కాస్త ఆగి మాట్లాడే మనిషి.

మధ్యాహ్నం దాకా ఇద్దరం టేపులు విన్నాం. నేను ఎన్ని తప్పులు పట్టుకుందామని వెళ్ళానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఒక్కటీ దొరకలేదు. దగ్గుని కూడా రాసింది. ఎవరు ముక్కు చీదారో, ఎక్కడ గాజులు చప్పుడయ్యాయో రాసింది. పుట పుటకీ సంతకం పెడుతూ పోయాను. చెయ్యి నొప్పి పుట్టింది, మనసు ఇంకా ఎక్కువ.

మధ్యాహ్నం కూడిక ఆ ఇంట్లోనే. పన్నెండుమంది ఆడవాళ్ళు వచ్చి చాప మీద కూర్చున్నారు. నన్ను గోడ పక్కన కుర్చీలో కూర్చోమంటే బాగుండదని నేనూ చాప చివర కూర్చున్నాను. ఆమె మధ్యలో టేప్ రికార్డరు పెట్టి నొక్కింది. ఒక పాట పాడారు. ఇద్దరు ప్రార్థన చేశారు, ఒకరు కొడుకు జ్వరం గురించి, ఒకరు పురుగు పట్టిన పత్తి గురించి. తర్వాత ఆమె తల్లి మోకాళ్ళ మీదికి లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది.

“స్తోత్రం ప్రభువా. పొద్దున్నే గుంటూరులో బస్సెక్కి ఈ బాబు మా ఇంటికొచ్చాడు. తోడుండి తీసుకొచ్చావు, మళ్ళీ తోడుండి తీసుకుపో. తండ్రీ, మా పిల్ల నాతోపాటు కోతకొచ్చేటప్పుడు ఒక అలవాటుండేది. పక్కనోళ్ళ గోతాం నిండకపోతే తన కాయ రెండు దోసిళ్ళు అందులో పోసేది. వాళ్ళు అడిగేవాళ్ళు కాదు, ఇది చెప్పేది కాదు. ఇప్పుడు చదువులో కూడా అట్టానే ఉందేమో నాకు తెలవదు. దాని దోసిట్లోది ఎవరన్నా తీసుకుంటే తీసుకోనీ తండ్రీ. చేను ఉంది, చేతులున్నాయి, మళ్ళీ కోసుకుంటది. తీసుకున్నోళ్ళు మాత్రం దాని ఎదట తలొంచుకుని తిరక్కుండా చూడయ్యా. అన్నం సయించేటట్టు చెయ్యి. వాళ్ళ చదువుని దీవించు. ఏసు నామాన అడుగుతున్నాం తండ్రీ.”

అంతా “ఆమెన్” అన్నారు.

నా తల వంగిపోయి ఉంది. ఆ స్థితిలో కూడా నా బుర్ర ఏం చేస్తోందో చెప్పాలి. ఎంత బాగా చెప్పిందీ మనిషి అని కుళ్ళుకుంటోంది. దొంగ అనే మాట ఎక్కడా లేదు. ‘ఎవరన్నా’ అంది. శిక్ష అడగలేదు, అన్నం సయించాలని అడిగింది. నేను నలభై నిమిషాలు చదివిన పేపరులో ఇంత పనితనం లేదు. ఎవరు వినాలని అని అడగాల్సిన అవసరమే లేదు, పన్నెండుమందికీ తెలుసు. కూతురు మాత్రం తలెత్తకుండా టేపు వైపే చూస్తోంది.

తర్వాత వంతు నాది. ఎవరూ చెప్పలేదు గానీ, ఆ పట్టికలు చదివినవాడికి చెప్పక్కర్లేదు. వాళ్ళు ఆగారు. ఎవరో దగ్గారు. ఎవరివో గాజులు కదిలాయి. నాకు వచ్చిన వేల పద్యాల్లో ఒక్క మాట కూడా నోట్లోకి రాలేదు. జవాబు చెప్పలేను, కనీసం ఆమెన్ అనాలి. ఆ మాట నా ఇంట్లోది కాదన్న సాకు చెప్పుకున్నాను. అది సాకేనని అప్పుడే తెలుసు. ఆమెన్ అంటే తప్పు ఒప్పుకున్నట్టు. కొంతసేపు చూసి, చివర కూర్చున్న ముసలామె పాట అందుకుంది. నన్ను ఒడ్డుకి చేర్చింది.

ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగాను. “మీ అమ్మగారికి చెప్పారా?”

“మీరు పేపరు చదివారని, చాలా బాగుందని చెప్పానండీ. ఎట్టా చదివారో చెప్పా. అంతే.”

“ఆవిడేమన్నారు?”

“ఏమనలేదు. మీరు ఏం తింటారని అడిగింది, మజ్జిగలో అల్లం వెయ్యొచ్చా అని.” ఆమె ఆటో వస్తోందేమో చూసింది. “మా అమ్మకి చదువు రాదండీ. చెప్పనిది మాత్రం బాగా వింటది.”

ఆటో వచ్చింది. క్షమించమని అడగడానికి దారిపొడుగునా అనువైన మాటలు ఏరుకుంటూ గుంటూరు చేరాను. సోమవారం డిపార్టుమెంటులో ఆమె కనబడింది. సరిచూసిన కాగితాలు ఇచ్చేశాను. మాటలు ఇవ్వలేదు. ఆ ఏడాదే నేను పరిశోధన వదిలేసి బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో తెలుగు చెప్పడానికి చేరాను. ఆరోగ్యం బాగాలేదని అందరికీ చెప్పాను. నా ఆరోగ్యానికేం, బాగానే ఉంది.

ఆరేడేళ్ళు గడిచాయి. అప్పటికి ఆమెకు డాక్టరేటు వచ్చింది, ఒంగోలులో లెక్చరరయింది. మాస్టారు రిటైరయ్యారు. ఒకరోజు నా దగ్గర చదివే పిల్లలకి పాత ప్రశ్నపత్రాలు కావాల్సి వచ్చి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళాను. ప్రశ్నపత్రాలు అటు ఉంటే నా కాళ్ళు సిద్ధాంత గ్రంథాల అలమర వైపు వెళ్ళాయి. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు, ఆమె పేరు. తప్పులు వెతకడానికే తీశాను. మనిషి మారతాడా.

మధ్యాహ్నం దాకా చదివాను. దొరకలేదు. చివర అనుబంధంలో ప్రార్థనలన్నీ వరుసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద నాలుగు గళ్ళ పట్టిక, దాని కింద ‘సరిచూసినవారు’, ఆ పక్కన నా పొడి అక్షరాలు. పుట తిప్పినకొద్దీ నేనే. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయాను. “పొద్దున్నే గుంటూరులో బస్సెక్కి ఈ బాబు మా ఇంటికొచ్చాడు” అని ఉంది.

మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి. ఎక్కడ ఆగిందో అక్కడ చుక్క ఉంది. కింద పట్టిక. ఎవరు చెప్పారు: తల్లి. ఎవరి పేరున: దేవుడు. ఎవరు వినాలని: అతిథి. నాలుగో గడి మిగతావాటికంటే పెద్దది. “ఆమెన్: పెదవులు కదిలాయి. వినపడలేదు.”

నా పెదవులు కదిలాయని నాకు తెలియదు.

ముందు కలిగింది సిగ్గు కాదు. ఈ వాక్యం నేను రాయలేకపోయానే అన్న ఏడుపు. అన్నాడని రాస్తే జాలి అయ్యేది, అనలేదని రాస్తే కక్ష అయ్యేది. ఆమె తలొంచుకుని టేపు వైపు చూస్తోందనుకున్నాను. నన్ను చూసింది. ఉన్నది రాసింది. ఆ తర్వాతే సిగ్గు వచ్చింది. వచ్చి చాలాసేపు కూర్చుంది.

ఆ పట్టిక కింద ‘సరిచూసినవారు’ అని అచ్చయి ఉంది. పక్కన ఖాళీ. మొత్తం అనుబంధంలో అదొక్కటే ఖాళీ. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళలో చదవను రాయను వచ్చినవాళ్ళం ఆమె, నేను. ఇంకెవరిచేతా ఆమె అక్కడ సంతకం పెట్టించలేదు.

జేబులో పిల్లల పేపర్లు దిద్దే పెన్సిల్ ఉంది. లైబ్రరీ పుస్తకాల్లో రాయకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, దగ్గులూ గాజులతో సహా, ఇంకోసారి చదివాను. అక్షరం పొల్లు పోలేదు. ఆ ఖాళీలో సంతకం పెట్టాను.